బ్యాక్-ఎస్‌క్యూఎల్ మీద నడిచే ఎల్‌డాప్: ఉదయం తొమ్మిదికి నత్తనడక, పైగా తప్పుడు వివరాలు

వేణు_సర్వర్‌రూమ్

అందరికీ నమస్కారం. మా యూనివర్సిటీలో విద్యార్థుల, సిబ్బంది వివరాలన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉంటాయి. అడ్మిషన్లు, ఫీజులు, హాస్టల్, అన్నీ దాని మీదే. వైఫై, మెయిల్, ఆన్‌లైన్ పాఠాల మూడుల్, లైబ్రరీ సాఫ్ట్‌వేర్ మాత్రం లాగిన్ కోసం ఎల్‌డాప్ (మనుషుల వివరాలను చెట్టు కొమ్మల్లా పెట్టే డైరెక్టరీతో మాట్లాడే ప్రోటోకాల్) అడుగుతాయి. నాకంటే ముందు ఈ సీట్లో ఉన్నాయన ఓపెన్‌ఎల్‌డాప్ అనే ఎల్‌డాప్ సర్వర్ పెట్టి, దాని బ్యాక్-ఎస్‌క్యూఎల్ బ్యాకెండ్‌తో (ఎల్‌డాప్ ప్రశ్నలను డేటాబేస్ క్వెరీలుగా మార్చే భాగంతో) ఆ టేబుళ్లనే డైరెక్టరీలా చూపించారు. డేటా రెండుచోట్ల పెట్టక్కర్లేదని అప్పట్లో అందరికీ నచ్చింది.

ఇప్పుడు రెండు తలనొప్పులు. ఉదయం క్లాసులు మొదలయ్యే వేళకు అందరి ఫోన్లూ ఒక్కసారి వైఫైకి వస్తాయి. అప్పుడు ఒక్కో సెర్చ్‌కు సెకన్లు పడుతుంది, యాక్సెస్ పాయింట్లు విసుగెత్తి మళ్లీ అడుగుతాయి, దాంతో ఇంకా చచ్చిపోతుంది. రెండోది అంతకంటే వింత. ఒక విద్యార్థిని సివిల్ నుంచి మెకానికల్‌కు మార్చిన సమయంలో వచ్చిన సెర్చ్‌లో డిపార్ట్‌మెంట్ కొత్తది, మెయిల్ గ్రూపు పాతది కనిపించింది. మళ్లీ అడిగితే సరిగ్గానే ఉంది.

రామ్, సీపీయూ పెంచమని ఒకరు, మొత్తం పీకేయమని ఇంకొకరు అంటున్నారు. మీరేమంటారు?

గోదారి_గట్టు

ముందు ఒక ప్రశ్న. ఎల్‌డాప్_ఎంట్రీస్ (బ్యాక్-ఎస్‌క్యూఎల్ చూసే ఎంట్రీల జాబితా) అనేది మీ దగ్గర అసలు టేబులా, లేక అడిగిన ప్రతిసారీ వేరే టేబుళ్ల నుంచి పుట్టే వ్యూనా? పోస్ట్‌గ్రెస్‌లో స్టేట్‌మెంట్ లాగ్ ఒక్క నిమిషం ఆన్ చేసి, ఒకే ఒక్క యూజర్ కోసం సెర్చ్ కొట్టి ఎన్ని క్వెరీలు పడ్డాయో చూసి చెప్పండి. రామ్ సంగతి తర్వాత.

వేణు_సర్వర్‌రూమ్

వ్యూనే. విద్యార్థులు, సిబ్బంది, గ్రూపులు, మూడు టేబుళ్లను యూనియన్ ఆల్‌తో కలిపారు. డీఎన్ (డైరెక్టరీలో ఎంట్రీ పూర్తి చిరునామా) కూడా అక్కడికక్కడే ముక్కలు అతికించి తయారవుతుంది. లాగ్ చూసి కళ్లు తిరిగాయి. ఒక్క మనిషి కోసం ఇరవైకి పైగా క్వెరీలు!

డీబీఏ_లక్ష్మి

అది లోపం కాదు వేణు గారూ, దాని తయారీయే అంత. బ్యాక్-ఎస్‌క్యూఎల్ సెర్చ్ రెండు దశల్లో జరుగుతుంది. మొదట మీరు మ్యాప్ చేసిన ఒక్కో ఆబ్జెక్ట్‌క్లాస్‌కు (ఎంట్రీ రకానికి) ఒక్కో క్వెరీ వేసి, ఫిల్టర్‌కు సరిపడే ఎంట్రీల ఐడీలు తెచ్చుకుంటుంది. ఆ తర్వాత ప్రతి ఎంట్రీకీ, అందులో ప్రతి యాట్రిబ్యూట్‌కూ (పేరు, ఫోన్ లాంటి ఒక్కో వివరానికీ), విడిగా ఒక్కో క్వెరీ. 600 మంది ఉన్న హాస్టల్ జాబితాను 14 యాట్రిబ్యూట్‌లతో అడిగారనుకోండి, 8,400 క్వెరీలు. ఒక్కోటి అర మిల్లీసెకనులో వచ్చినా మొత్తం నాలుగు సెకన్లు దాటుతుంది. ఎక్కువ రామ్ వేస్తే ఆ అర మిల్లీసెకను కాస్త తగ్గొచ్చు, 8,400 తగ్గదు.

వెంటనే చేయగలిగింది ఒకటుంది. మీ క్లయింట్లు ఏ యాట్రిబ్యూట్‌లు అడుగుతున్నాయో చూడండి. జాబితా ఇవ్వకుండా వదిలేస్తే అన్నీ వస్తాయి, అంటే అన్నిటికీ క్వెరీలు పడతాయి. వైఫై లాగిన్‌కు యూఐడీ (లాగిన్ పేరు), గ్రూపు చాలు. ఫోటో, చిరునామా, తండ్రి పేరు ఎందుకు?

బ్యాక్-ఎస్‌క్యూఎల్ మాన్యువల్ పేజీ మొదట్లోనే ఒక మాట ఉంటుంది: ఏదో ఒక డేటాబేస్‌లో ఉన్న సమాచారాన్ని ప్రోగ్రామింగ్ లేకుండా ఎల్‌డాప్ సబ్‌ట్రీగా (డైరెక్టరీ చెట్టులో ఒక కొమ్మగా) చూపించడమే దీని ముఖ్యోద్దేశం అని. చూపించడం వరకే. ఉదయం తొమ్మిదింటి రద్దీ మోస్తానని అది ఎప్పుడూ అనలేదు.

పాత_కాపు

లక్ష్మి గారు చెప్పింది రెండో దశ. మొదటి దశలోనూ పెద్ద గొయ్యి ఉంది, ఎవరూ చూడరు.

డీఎన్ ఎలా రాస్తాం? ఇంటి నంబరు ముందు, ఊరు చివర ఉండే చిరునామాలాగా. మనిషి ముందు, విభాగం తర్వాత, సంస్థ చివర. సబ్‌ట్రీ సెర్చ్ అంటే "చివర ఫలానా బేస్ ఉన్న డీఎన్‌లన్నీ తే" అని అడగడం. మామూలుగా ఇది డీఎన్‌ను పెద్దక్షరాల్లోకి మార్చి, ముందు పర్సెంట్ గుర్తు (ఇక్కడ ఏదైనా ఉండొచ్చని అర్థం) పెట్టిన లైక్ క్వెరీ అవుతుంది. ముందే పర్సెంట్ ఉంటే బీ-ట్రీ ఇండెక్స్ (మొదటి అక్షరాల నుంచి వరసగా పేర్చిన సూచిక) పనికిరాదు. టేబుల్ మొత్తం మొదటి నుంచి చివరి దాకా చదవాల్సిందే.

దీనికి బ్యాక్-ఎస్‌క్యూఎల్‌లోనే మందు ఉంది. ఎల్‌డాప్_ఎంట్రీస్‌లో డీఎన్_ఆర్‌యూ అని ఒక కాలమ్ పెట్టుకోవచ్చు. డీఎన్‌ను పెద్దక్షరాల్లోకి మార్చి, అక్షరాలన్నీ వెనక నుంచి ముందుకు తిప్పి అందులో దాచడం. కాన్ఫిగరేషన్‌లో ఆ కాలమ్ ఉందని ఒక్క లైను చెబితే చాలు. అప్పుడు బేస్ ముందుకొస్తుంది, పర్సెంట్ చివరికి పోతుంది, ఇండెక్స్ పనిచేస్తుంది.

కానీ వ్యూలో అతికించి పుట్టించే డీఎన్‌తో ఇవన్నీ కష్టం. ముందు దాన్ని అసలు టేబుల్‌గా మార్చి, మూడు టేబుళ్ల మీదా ట్రిగర్లు (వరస మారగానే తమంతట తామే నడిచే కోడ్) పెట్టండి. పోస్ట్‌గ్రెస్ 12 నుంచి జనరేటెడ్ కాలమ్ ఉంది కాబట్టి డీఎన్_ఆర్‌యూ తనంతట తానే నిండుతుంది. ఇండెక్స్ పెట్టేటప్పుడు టెక్స్ట్ ప్యాటర్న్ ఆప్స్ అనే ఆపరేటర్ క్లాస్ ఇవ్వడం మరిచిపోవద్దు. డేటాబేస్ సీ లొకేల్‌లో (అక్షరాలను బైట్ విలువలతోనే పోల్చే అమరికలో) లేకపోతే మామూలు ఇండెక్స్‌ను లైక్ ముట్టుకోదు.

వేణు_సర్వర్‌రూమ్

పాత_కాపు గారూ, టెస్ట్ సర్వర్‌లో అంతా మీరు చెప్పినట్టే చేశాను. పోస్ట్‌గ్రెస్ కమాండ్ ప్రోగ్రామ్ పీఎస్‌క్యూఎల్‌లో ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీ ఎలా నడుస్తుందో చూపే కమాండ్) ఇస్తే ఇండెక్స్ స్కాన్ చూపిస్తోంది, క్షణంలో వస్తోంది. అదే క్వెరీ ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్ ప్రోగ్రామ్ ఎస్‌ల్యాప్‌డీ ద్వారా వెళ్తే మొదట్లో వేగంగా ఉండి కాసేపటికి మళ్లీ నత్తనడకే. రీస్టార్ట్ చేస్తే బాగుంటుంది. ఇదేం మాయ?

నైజాం_బిట్స్

మాయ కాదన్నా, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్. అంటే ఒక్కసారి తయారుచేసి, విలువలు మార్చుకుంట మళ్ల మళ్ల నడిపే క్వెరీ.

నువ్వు పీఎస్‌క్యూఎల్‌లో బేస్‌ను నేరుగా రాసి ఎక్స్‌ప్లెయిన్ చేస్తున్నవ్. ఎస్‌ల్యాప్‌డీ ఓడీబీసీ (డేటాబేస్‌కు కలిపే డ్రైవర్) ద్వారా పారామీటర్‌గా పంపిస్తది. పోస్ట్‌గ్రెస్ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌ను మొదటి ఐదుసార్లు అసలు విలువ చూసి ప్లాన్ వేస్తది. ఆ తర్వాత విలువ చూడకుండా పనికొచ్చే ప్లాన్ ఖర్చు అంతే అనిపిస్తే దానికి మారిపోతది. లైక్ పక్కన ఏమొస్తదో తెలియనప్పుడు పర్సెంట్ ముందుంటదో వెనకుంటదో దానికెట్ల తెలుస్తది? ఇండెక్స్ వదిలేస్తది.

ప్లాన్ క్యాష్ మోడ్ అనే సెట్టింగ్ పోస్ట్‌గ్రెస్ 12 నుంచే ఉంది. ఎస్‌ల్యాప్‌డీ వాడే డేటాబేస్ రోల్‌కు (యూజర్‌కు) మాత్రమే దాన్ని ఫోర్స్ కస్టమ్ ప్లాన్‌గా పెట్టు, ప్రతిసారీ విలువ చూసే ప్లాన్ వేస్తది. లేదంటే ఓడీబీసీ డ్రైవర్‌లో సర్వర్‌సైడ్ ప్రిపేర్ ఆపెయ్. ముందు ఆటో ఎక్స్‌ప్లెయిన్ ఆన్ చేసి నిజంగా ఏ ప్లాన్ నడుస్తుందో లాగ్‌లో చూడు. చేత్తో వేసిన ఎక్స్‌ప్లెయిన్‌ను నమ్మితే ఇట్లనే తిప్పలు పడతవ్.

వేణు_సర్వర్‌రూమ్

దండం అన్నా. రోల్‌కు ఆ ఒక్క లైను పెట్టాను, కుదురుకుంది. ఇక ఆ సగం పాత, సగం కొత్త సంగతి ఎవరైనా చెప్పండి. స్పీడు కంటే దాని గురించే నాకు టెన్షన్.

డీబీఏ_లక్ష్మి

స్పీడుకు కారణమైన ఆ బోలెడు క్వెరీలే దీనికీ కారణం. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా రీడ్ కమిటెడ్‌లో ఉంటుంది. అంటే ట్రాన్సాక్షన్ (ఒకే పనిగా లెక్కేసే స్టేట్‌మెంట్ల గుంపు) లోపల కూడా ప్రతి స్టేట్‌మెంట్‌కూ కొత్త స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటా ఎలా ఉందో ఆ చిత్రం). మీ ఎంట్రీ పద్నాలుగు స్టేట్‌మెంట్లతో కూడితే, ఐదోదానికీ ఆరోదానికీ మధ్య ఆఫీసులో ఎవరో డిపార్ట్‌మెంట్ మార్పును కమిట్ (ఖాయం) చేస్తే, మొదటి ఐదు పాతవి, మిగతావి కొత్తవి. డేటాబేస్‌లో ఏ క్షణంలోనూ లేని మనిషి డైరెక్టరీలో కనిపిస్తాడు.

రిపీటబుల్ రీడ్ పెడితే మొదటి స్టేట్‌మెంట్ దగ్గర తీసుకున్న స్నాప్‌షాటే ట్రాన్సాక్షన్ అయ్యేదాకా ఉంటుంది. రోల్‌కే డిఫాల్ట్‌గా పెట్టొచ్చు, ఎస్‌ల్యాప్‌డీ ద్వారా రాతలు లేకపోతే రీడ్ ఓన్లీ కూడా. ఆటోకమిట్ మాత్రం ఆన్‌లో ఉండకూడదు. ఉంటే ఒక్కో స్టేట్‌మెంటే ఒక్కో ట్రాన్సాక్షన్, రిపీటబుల్ రీడ్ పెట్టీ ప్రయోజనం సున్నా. బ్యాక్-ఎస్‌క్యూఎల్‌లో మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది, మీ ముందాయన మార్చారేమో చూడండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. సెర్చ్ అయ్యాక ట్రాన్సాక్షన్ మూయకుండా కనెక్షన్ అలాగే ఉండిపోతే తర్వాతి సెర్చ్‌కూ ఆ పాత స్నాప్‌షాటే వస్తుంది. సగం పాతది పోయి మొత్తం పాతది వచ్చినట్టు! పైగా పాత వరసల్ని ఊడ్చే వ్యాక్యూమ్ ఆ చెత్త తీయలేక టేబుళ్లు ఉబ్బుతాయి. కనెక్షన్ల స్థితి చూపే పీజీ స్టాట్ యాక్టివిటీలో "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని నిమిషాల తరబడి కూర్చున్న కనెక్షన్లు ఉన్నాయేమో ఇవాళే చూడండి.

గోదారి_గట్టు

ఒక చిన్న మాట కలుపుతాను. ఇవన్నీ చేసినా ఎల్‌డాప్ నుంచి డేటాబేస్ స్థాయి హామీ ఆశించొద్దు. 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4511 (ఎల్‌డాప్ ప్రమాణ పత్రం) ప్రకారం ఒక ఎంట్రీ మీద మార్పు మొత్తం జరుగుతుంది లేదా అసలు జరగదు. అంతవరకే. మనిషి ఎంట్రీ, గ్రూపు ఎంట్రీ కలిపి ఒకేసారి మారాలంటే ప్రోటోకాల్‌లో మామూలు దారి లేదు. ట్రాన్సాక్షన్ల కోసం 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5805 వచ్చింది, అదీ ప్రయోగాత్మకమనే ముద్రతోనే. మూడుల్‌లాంటి క్లయింట్లు దాన్ని వాడతాయనుకోవడం అత్యాశ.

మెమరీ_మ్యాప్

ఇంతసేపూ చదివాను. నా ఉద్దేశంలో రోగానికి కాకుండా లక్షణాలకు మందు వేస్తున్నారు. రిలేషనల్ డేటాబేస్‌ను డైరెక్టరీ కింద పెట్టడమే తప్పు. ఓపెన్‌ఎల్‌డాప్ వాళ్లదే చిన్న డేటాబేస్ ఎల్‌ఎమ్‌డీబీ ఉంది కదా, దానికి మారిపోండి, గొడవ వదిలిపోతుంది.

డీబీ2_రాజు

తమ్ముడూ, అంత మాట అనకు. ఐబీఎం డైరెక్టరీ సర్వర్ కింద ఉండేది డీబీ2 డేటాబేసే. ఒరాకిల్ ఇంటర్నెట్ డైరెక్టరీ కింద ఒరాకిల్ డేటాబేసే. రెండూ పెద్ద పెద్ద సంస్థల్లో ఏళ్ల తరబడి నడిచాయి. ఐబీఎం దాన్ని నేనూ చాలాకాలం చూసుకున్నాను.

తేడా ఎక్కడంటే, అక్కడ టేబుళ్లు డైరెక్టరీ కోసమే పుట్టాయి. ఐబీఎం దాంట్లో ఎంట్రీ మొత్తం ఒకే వరసలో ఒక ముద్దగా ఉంటుంది, యాట్రిబ్యూట్‌కో టేబుల్ ఉన్నా అది వెతకడానికే. సబ్‌ట్రీ కోసం ఎల్‌డాప్_డెస్క్ అని ఒక టేబుల్. ఏ ఎంట్రీకి పైన ఎవరెవరున్నారో జతలు జతలుగా రాసిపెట్టి ఉంటుంది. లైక్, పర్సెంట్ బాధే లేదు. ఒరాకిల్ దాంట్లోనూ వెతికే యాట్రిబ్యూట్‌లకు విడిగా కేటలాగ్ టేబుళ్లు. కేటలాగ్ చేయని యాట్రిబ్యూట్‌ను ఫిల్టర్‌లో పెడితే సర్వర్ ఒప్పుకోదు.

అక్కడా తిప్పలు లేవని కాదు. పెద్ద సబ్‌ట్రీ అడిగినప్పుడు డీబీ2 ఆప్టిమైజర్ (క్వెరీని ఏ వరసలో నడపాలో తేల్చే భాగం) ఆ ఎల్‌డాప్_డెస్క్‌తో మొదలుపెడితే పని ఖాళీ. అందుకని ఆ టేబుల్‌లో 9 పక్కన 18 సున్నాలంత వరసలు ఉన్నాయని స్టాటిస్టిక్స్‌లో అబద్ధం రాసేవాళ్లం. అంత పెద్ద టేబుల్ జోలికి ముందే ఎందుకని ఆప్టిమైజర్ దాన్ని చివరికి నెట్టేస్తుంది. ఇది ఐబీఎం వాళ్ల ట్యూనింగ్ గైడ్‌లో ఉన్న చిట్కానే. ఆదివారం రాత్రి ఎవరో టేబుళ్ల లెక్కలు మళ్లీ తీసే రన్‌స్టాట్స్ కొడితే అసలు లెక్క వచ్చి కూర్చుంటుంది, సోమవారం పొద్దున ఫోన్లు మోగుతాయి. రన్‌స్టాట్స్ స్క్రిప్టు చివర్లోనే ఆ అప్‌డేట్ కూడా పెట్టేదాకా ఆ గోల తీరదు.

వేణు సమస్య డేటాబేస్ కాదు. ఫీజుల కోసం, అడ్మిషన్ల కోసం పుట్టిన టేబుళ్లను సెర్చ్ వచ్చిన ప్రతిసారీ డైరెక్టరీ భాషలోకి తిప్పడం. ఆ తిప్పుడు చదివేటప్పుడు కాకుండా, రాసేటప్పుడు ఒక్కసారి జరగాలి.

మెమరీ_మ్యాప్

రాజు గారూ, చివరి రెండు వాక్యాలతో నాకేం పేచీ లేదు. రాసేటప్పుడు తిప్పి ఎక్కడ పెడతారన్నదే ప్రశ్న. ఓపెన్‌ఎల్‌డాప్‌కు ఎల్‌ఎమ్‌డీబీ మీద నడిచే తన సొంత బ్యాక్-ఎమ్‌డీబీ ఉన్నప్పుడు దాంట్లోనే పెట్టడం మేలు. చదివేవాళ్లు రాసేవాళ్లను ఆపరు, రాసేవాళ్లు చదివేవాళ్లను ఆపరు, మామూలుగా సెర్చ్‌కు నికరమైన స్నాప్‌షాట్. పాత బీడీబీ, హెచ్‌డీబీ బ్యాకెండ్లను 2021లో వచ్చిన 2.5 వెర్షన్‌లో తీసేశారు కూడా. పోస్ట్‌గ్రెస్ అసలు డేటాగా ఉంటుంది, ఎమ్‌డీబీ దాని నకలు.

వేణు_సర్వర్‌రూమ్

నకలు అంటే మళ్లీ డేటా రెండుచోట్ల. రెండూ తేడా పడితే? రాత్రికొకసారి ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలదు. సస్పెండ్ అయిన అకౌంట్ తెల్లారేదాకా పనిచేస్తే నా ఉద్యోగం ఉండదు.

నైజాం_బిట్స్

ఔట్‌బాక్స్ పెట్టన్నా. విద్యార్థి వరస మారిన అదే ట్రాన్సాక్షన్‌లో, ట్రిగర్ ద్వారా, ఔట్‌బాక్స్ టేబుల్‌లో ఒక వరస పడాలె. ఒక వర్కర్ ప్రోగ్రామ్ అది చదివి ఎల్‌డాప్‌లో రాస్తది. మార్పు రద్దయితే ఔట్‌బాక్స్ వరసా రద్దయితది. డేటాబేస్‌లో ఒకసారి, ఎల్‌డాప్‌లో ఒకసారి అప్లికేషనే రాసేలా మాత్రం పెట్టకు. మొదటిది అయి రెండోది పడిపోతే ఎవరికీ తెలియదు.

ఇందులో చాలామంది పడే గొయ్యి చెప్తా. వర్కర్ "నేను చివరిగా చూసిన ఐడీ 100, అంతకంటే పెద్దవి ఇవ్వు" అని అడుగుతది. సీక్వెన్స్ నంబర్లు ఇచ్చిన వరసలో కమిట్‌లు జరగవు. 101 తీసుకున్న ట్రాన్సాక్షన్ ఇంకా నడుస్తుంటది, 102 ముందే కమిట్ అయితది. వర్కర్ 102 చూసి గుర్తు పెట్టుకుంటది. తర్వాత 101 కమిట్ అయినా దాన్ని ఎవరూ చూడరు. సరిగ్గా ఇట్లనే సస్పెండ్ అయిన అకౌంట్ బతికిపోతది. అందుకే ఐడీ గుర్తు పెట్టుకునుడు వద్దు. ఉన్న వరసలన్నీ తీసుకో, ఎల్‌డాప్‌లో రాసినంక వాటినే డిలీట్ చెయ్. లేదంటే పోస్ట్‌గ్రెస్ మార్పుల లాగ్‌ను చదివిచ్చే లాజికల్ డీకోడింగ్ వాడు, అది కమిట్ వరసలోనే ఇస్తది.

డీబీఏ_లక్ష్మి

దీనికి ఇంకొకటి. ఔట్‌బాక్స్‌లో "డిపార్ట్‌మెంట్ మెకానికల్ అయింది" అని మార్పు రాయొద్దు. విద్యార్థి కీ మాత్రం రాయండి. వర్కర్ ఆ కీ పట్టుకుని ఒకే క్వెరీలో ప్రస్తుత వివరాలన్నీ చదివి, ఎంట్రీ ఎలా ఉండాలో తయారుచేసి, ఎల్‌డాప్‌లో ఉన్నదానితో పోల్చి తేడా ఉన్నవి ఒకే మాడిఫై ఆపరేషన్‌లో పంపాలి. అప్పుడు ఒకే వరస రెండుసార్లు నడిచినా నష్టం లేదు, సగం పాత మనిషి కూడా పుట్టడు. వర్కర్ ఒక్కటే ఉండనివ్వండి, మీ స్థాయికి చాలు.

వేగం కోసం పోస్ట్‌గ్రెస్‌లో కబురు పంపే లిజన్, నోటిఫై కమాండ్లు వాడొచ్చు. నోటిఫై కమిట్ అయ్యాకే వెళ్తుంది, వర్కర్ వెంటనే లేస్తుంది. వర్కర్ ఆ క్షణంలో ఆగిపోయి ఉంటే ఆ కబురు పోయినట్టే. కాబట్టి ప్రతి అర నిమిషానికీ ఒకసారి ఔట్‌బాక్స్‌ను ఊరికే కూడా చూడాలి.

గోదారి_గట్టు

సస్పెన్షన్ గురించి భయం సరే గానీ, వేణు గారూ, మీ లినక్స్ ల్యాబుల్లో ఎస్‌ఎస్‌ఎస్‌డీ (డైరెక్టరీ వివరాలు తెచ్చి దాచుకునే ప్రోగ్రామ్) ఉందా? దాని ఎంట్రీ క్యాష్ డిఫాల్ట్‌గా 5400 సెకన్లు. గంటన్నర. డైరెక్టరీ సెకనులో మారినా ల్యాబ్ మెషీన్ గంటన్నర దాకా పాత గ్రూపే చూపించొచ్చు. వైఫైలో అప్పటికే కనెక్ట్ అయి ఉన్న సెషన్ కూడా దానంతట అది తెగదు. డైరెక్టరీ వైపు మిల్లీసెకన్లు లెక్కపెట్టే ముందు అటు కూడా ఓసారి చూడండి.

కొత్తగా_చేరా

పీక్యాష్ ఓవర్‌లే పెడితే అయిపోదా? బ్యాక్-ఎస్‌క్యూఎల్ అలాగే ఉంచి దాని ముందు క్యాష్.

పాత_కాపు

పెట్టొచ్చు. బ్యాక్-ఎస్‌క్యూఎల్‌లాంటి నెమ్మది బ్యాకెండ్ల ముందు కూడా అది పనికొస్తుంది. కానీ ఏ రకం ఫిల్టర్లను క్యాష్ చేయాలో ముందే టెంప్లేట్లుగా చెప్పాలి. టేబుల్‌లో నేరుగా జరిగిన మార్పు దానికి తెలియదు కాబట్టి గడువు తీరేదాకా పాతదే ఇస్తుంది. వేణు మొదటి సమస్యకు సరిపోతుంది, రెండోదాన్ని పెంచుతుంది.

మెమరీ_మ్యాప్

ఎమ్‌డీబీలోకి మొదటిసారి లోడ్ చేసేటప్పుడు ఎర్రర్ 68 వరసగా పడుతుంది, గాభరా పడొద్దు. ఎంట్రీ ఇప్పటికే ఉందని అర్థం. పోస్ట్‌గ్రెస్‌కు చిన్నక్షరాల శ్రీను, పెద్దక్షరాల శ్రీను వేర్వేరు. మధ్యలో ఒక ఖాళీ ఉన్నదీ రెండు ఉన్నదీ వేర్వేరు. ఎల్‌డాప్‌లో ఇలాంటి పేర్లకు వాడే పోలిక నియమంలో అవన్నీ ఒకటే. మీ యూనిక్ ఇండెక్స్ పట్టుకోని జంటలు అక్కడ బయటపడతాయి.

మీ దగ్గర పేర్లు తెలుగు లిపిలో కూడా ఉంటే ఇంకో తమాషా. "రాజ్‌కుమార్" అని టైప్ చేసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనపడని జోడింపు నిరోధకం పడుతుంది. కొందరు క్లర్కులు అది లేకుండా "రాజ్కుమార్" అని కొడతారు. డేటాబేస్‌కు రెండూ వేర్వేరు పేర్లు. ఆర్‌ఎఫ్‌సీ 4518 ప్రకారం పోల్చేముందు ఆ కనపడని అక్షరాన్ని తీసేయాలి, అంటే రెండూ ఒకటే కావాలి. సర్వర్లన్నీ దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాయని నమ్మొద్దు. మీ సర్వర్‌లో రెండు పేర్లూ వేసి సెర్చ్ కొట్టి చూసుకోండి. వర్కర్‌లోనే ఒకే రూపానికి మార్చేస్తే ఇంకా మంచిది. డీఎన్‌లో మాత్రం పేరు వద్దు, రోల్ నంబరే పెట్టండి. పేరు సరిచేసిన ప్రతిసారీ డీఎన్ మారితే గ్రూపులన్నీ చెదిరిపోతాయి.

వేణు_సర్వర్‌రూమ్

అందరి మాటా విని ఇలా పెట్టాను. వర్కర్, ఔట్‌బాక్స్ తయారయ్యేదాకా బ్యాక్-ఎస్‌క్యూఎల్‌నే డీఎన్_ఆర్‌యూ, ఫోర్స్ కస్టమ్ ప్లాన్, రిపీటబుల్ రీడ్‌తో నడిపాను. ఉదయం రద్దీ దాంతోనే చాలావరకు గట్టెక్కింది. గత వారం నుంచి వైఫై, మెయిల్ రెండూ ఎమ్‌డీబీ మీదికి వచ్చాయి. రాత్రిపూట రెండువైపులా పోల్చే స్క్రిప్టు కూడా ఉంది.

ఆ స్క్రిప్టు రోజూ కొన్ని తేడాలు చూపిస్తోంది. మా వాళ్లే ఎల్‌డాప్ బ్రౌజర్ తెరిచి ఫోన్ నంబర్లు చేత్తో దిద్దుతున్నారు. వర్కర్ మళ్లీ తుడిచేస్తోంది, వాళ్లు నా మీద అరుస్తున్నారు. ఇంకోటి, పాస్‌వర్డ్ కూడా పోస్ట్‌గ్రెస్ నుంచే రావాలా?

డీబీ2_రాజు

ఏసీఎల్‌లో (ఎవరికి ఏ హక్కో చెప్పే నియమాల్లో) రాసే హక్కు వర్కర్ డీఎన్‌కు తప్ప ఎవరికీ ఉంచకు. ఫోన్ నంబరు మార్చాలంటే అడ్మిషన్ల స్క్రీన్‌కే వెళ్లాలి. రెండు రోజులు అరుస్తారు, అలవాటవుతుంది.

పాస్‌వర్డ్ సంగతి వేరు. దాన్ని డైరెక్టరీకే వదిలెయ్, పోస్ట్‌గ్రెస్‌లో కాలమే ఉండొద్దు. ఆర్‌ఎఫ్‌సీ 3062 పాస్‌వర్డ్ మాడిఫై ద్వారా మనిషి తనే మార్చుకుంటాడు, హ్యాష్ సర్వర్ చేసుకుంటుంది. వర్కర్ ఆ యాట్రిబ్యూట్‌ను ముట్టుకోకూడదు. పోల్చే స్క్రిప్టులోంచి కూడా తీసెయ్. ఇక్కడే ఒక జాగ్రత్త: ఇప్పుడు ఎమ్‌డీబీ పూర్తి నకలు కాదు, పాస్‌వర్డ్‌లకు అదే అసలు. పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ ఉంది కదా అని ఎస్‌ల్యాప్‌క్యాట్‌తో ఎమ్‌డీబీ బ్యాకప్ తీయడం మానేయకు.

మెమరీ_మ్యాప్

ఆల్‌స్టూడెంట్స్ గ్రూపు ఎంత పెద్దది? వేలల్లో సభ్యులుంటే ఒక్క పేరు కలిపినా ఆ ఎంట్రీ మొత్తం తిరగరాయాలి. 2.5 నుంచి బ్యాక్-ఎమ్‌డీబీలో మల్టీవ్యాల్ అని సెట్టింగ్ ఉంది, ఎక్కువ విలువలున్న యాట్రిబ్యూట్‌లను ఎంట్రీ నుంచి విడదీసి దాస్తుంది. సభ్యుల పేర్లుండే మెంబర్ యాట్రిబ్యూట్‌కు అది పెట్టండి. ఇప్పటికే లోడ్ చేసేశారు కాబట్టి, పెట్టాక ఎస్‌ల్యాప్‌క్యాట్‌తో తీసి మళ్లీ ఎక్కించుకోండి.

వేణు_సర్వర్‌రూమ్

పన్నెండు వేల పైచిలుకు. అడ్మిషన్ల రోజుల్లో వర్కర్ ఎందుకు వెనకబడుతోందో ఇప్పుడర్థమైంది. ఆదివారం చేస్తాను.